స్పిరిట్ తాకితే ఖరాబైతదా

జపాన్ వెళ్తున్నానని చెప్పగానే మా నాయిన అక్కడ చలి ఎంత ఉంటుందని అడగలేదు, అన్నం దొరుకుతుందా అనీ అడగలేదు. "ఆడ లక్కపని చేసేటోళ్లు ఉంటరంట గద?" అన్నాడు.

నేను సూట్‌కేసు మీద మోకాలు పెట్టి జిప్ లాగుతున్నాను. మా కంపెనీ ప్యాకింగ్ మెషిన్లు జపాన్ నుంచి తెప్పిస్తుంది. వాటి పని నేర్చుకోవడానికి ఇద్దరిని పది రోజులు పంపిస్తున్నారు, అందులో నేనొకదాన్ని. యాభై దాటాక మొదటిసారి విమానం ఎక్కడం. పొద్దున్నించి కాలు ఒక్కచోట నిలవలేదు. పాస్‌పోర్టు ఎక్కడ పెట్టానో నాలుగుసార్లు చూసుకున్నాను, చూసుకున్న ప్రతిసారీ ఇంకోచోట పెట్టాను.

"ఉంటరేమో నాయినా. నేను పోయేది మెషిన్ల కాడికి."

"ఆదివారం సుత మెషిన్లు నడుస్తయా?"

"నడువయి. ఎందుకు?"

"ఎవలన్న పాత ఉస్తాద్ దొరికితే ఒక్క మాట అడుగు. ఆ పాలిష్‌కు స్పిరిట్ తాకితే ఖరాబైతదా, కాదా? గంతే. ఇంకేం అడుగకు."

జిప్ వదిలేశాను. ఏ పెట్టె గురించి అడుగుతున్నాడో వెంటనే తెలిసింది. నలభై ఏళ్లుగా మా ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి అది. నాయిన తనంతట తాను ఎత్తాడంటే, నేను విమానం టికెట్ చూపించిన రోజు నుంచీ లోపల లోపల నలుగుతూనే ఉండి ఉంటాడు.

మా నాయిన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పాలిష్ పనివాడు. రైలు బోగీల్లో చెక్క ఉన్న కాలంలో ఆ చెక్కకు మెరుపు తెచ్చే పని ఆయనది. లక్క రేకుల్ని స్పిరిట్‌లో నానబెట్టాలి. దూది ఉండకు పల్చటి మల్లు గుడ్డ చుట్టి, అందులో ముంచి, చెక్క మీద సున్నాలు చుడుతూ రుద్దాలి. ఒక పూత ఆరాక ఇంకో పూత, అట్లా ఎన్ని పూతలో. పెద్ద అధికారులు లైన్ తనిఖీకి వెళ్లే ప్రత్యేకమైన బోగీ ఒకటుండేది, సెలూన్ అనేవాళ్లు. దాని లోపలి పని నాయినకు తప్ప ఇంకొకరికి ఇచ్చేవాళ్లు కాదు. అందులో టేబుల్‌లో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని ఆయన అంటే మేం నమ్మలేదు. ఆయుధపూజ రోజు పనివాళ్ల పిల్లల్ని లోపలికి రానిస్తారు. ఒక ఏడు మమ్మల్ని తీసుకెళ్లి ఆ టేబుల్ చూపించాడు. నేను నిజంగానే అందులో చూసుకుని పాపిడి సరిచేసుకున్నాను. నాయిన ఛాతీ ఆ రోజు ఎంత పొంగిందో.

ఇప్పుడు ఆయనకు ఎనభై. నీటికాసులు వచ్చి చూపు దాదాపు పోయింది. వెలుతురు ఎటుందో తెలుస్తుంది, అంతే. ప్రతిదాన్నీ చేత్తోనే చూస్తాడు. సీతాఫల్‌మండిలో మా ఇంటికి కొత్త సామాను ఏదొచ్చినా, పెళ్లికెళ్తే ఫంక్షన్ హాల్లో కుర్చీ అయినా, ముందు వేళ్ల వెనక భాగంతో నిమురుతాడు. "మెషిన్ పని" అని పెదవి విరుస్తాడు. పెళ్లికూతురి తండ్రి మొహం చూడాలప్పుడు.

ఇక ఆ పెట్టె సంగతి.

నాకు పదేళ్లప్పుడు, వేసవి సెలవుల్లో, వర్క్‌షాప్ సాహెబు ఒకాయన తన ఇంట్లోని చిన్న పెట్టె నాయిన చేతికిచ్చాడు. జానెడు పొడవు, నల్లటి నలుపు. మూత మీద బంగారు గీతలతో రెల్లు దుబ్బు, దాని వెనక సగం చందమామ. జపాన్ సరుకు, ఆయన భార్యకు ప్రాణమట. మూత మీద ఎవరో గోరుతో గీసినట్టు ఒక గీత పడింది. సెలూన్ టేబుల్ చేసినవాడికి ఇదొక లెక్కా అని ఇచ్చాడు. నాయిన దాన్ని టవల్లో చుట్టి, కడుపుకు ఆనించుకుని, ఒంటి చేత్తో సైకిల్ తొక్కుకుంటూ మా క్వార్టర్‌కు తెచ్చాడు.

మన లక్క పాలిష్ మీద గీత పడితే స్పిరిట్ అద్దిన గుడ్డతో రుద్దుతారు. పాత పూత కొంచెం మెత్తబడి, జరిగి, గీతను పూడ్చేస్తుంది. నాయిన అదే చేశాడు. ఈ పెట్టె మీది పూత మెత్తబడలేదు. మొండి సరుకనుకుని, పైన రెండు పల్చటి పూతలు వేసి, ముందు గదిలో అల్మారా మీద పెట్టాడు. ఐదు రోజులు ఆ గదిలో ఎవరూ అడుగు పెట్టొద్దు, దుమ్ము లేస్తుంది అన్నాడు. మాకున్నవే రెండు గదులు.

ఐదో రోజు సాయంత్రం దించి చూస్తే నలుపు పోయి బెల్లం పాకం రంగు వచ్చింది. మూలల్లో పగుళ్లు. మూత వంగి సరిగ్గా పడటం లేదు. చందమామ దగ్గర పొర లేచింది. నాయిన నేల మీద కూర్చుండిపోయాడు. "స్పిరిట్ తిన్నది దీన్ని" అన్నాడు.

సాహెబు తిట్టలేదు. కాసేపు చూసి, "రహనే దో" అని, పోనీలే అన్నట్టు పెట్టె తీసుకుని లోపలికి వెళ్లిపోయాడట. తిట్టినా బాగుండేదన్నాడు నాయిన. ఆ తర్వాతి వారం ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లి తనను సెలూన్ పని నుంచి తీసేయమని అడిగాడు. వాళ్లు వద్దంటున్నా వినలేదు. రిటైరయ్యేదాకా సీట్ల కింద పలకలకు, తలుపులకు రంగు వేశాడు. "వస్తువేందో చెయ్యికి ఎర్కుండాలె. ఎర్కలేని చెయ్యి పనికిరాదు" అనేవాడు. తర్వాత తర్వాత ఆ మాట కూడా మానేశాడు గానీ, గ్లాసు జారినా, మేకు వంకరపోయినా "థూ, దొంగ చెయ్యి" అని తన కుడిచేతిని తనే తిట్టుకునేవాడు. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ మాట వింటే ఆమెకు కోపం వచ్చేది. అన్నం పెట్టిన చెయ్యిని తిట్టొద్దనేది.

జపాన్లో నాకు దొరికింది ఒకే ఒక్క ఆదివారం. హోటల్ కౌంటర్లో అమ్మాయిని లక్కపని ఎక్కడ చూడొచ్చని అడిగితే, రెండు రైళ్లు మారి వెళ్లాల్సిన ఒక చిన్న ఊరి పేరు రాసిచ్చింది. ఆ ఊళ్లో పుట్టి, బతుకంతా ఆ ఒక్క పనే చేసి పోయిన కళాకారుడి ఇంటినే మ్యూజియంగా మార్చారట. నాతో వచ్చిన సహోద్యోగి షాపింగ్‌కు వెళ్తానన్నాడు. నేను ఒక్కదాన్నే బయలుదేరాను. మొదటి రైలు సరైనదేనా అని ముగ్గుర్ని అడిగాను. రెండో రైల్లో సీటు ఉన్నా కూర్చోలేదు, ప్రతి స్టేషన్‌లో దిగేదానిలాగా తలుపు దగ్గరే నిలబడ్డాను. పక్కనే ఒక ముసలాయన నాకు సీటు చూపించీ చూపించీ విసుగొచ్చి నిద్రపోయాడు.

ఆ ఊళ్లో సన్నగా జల్లు పడుతోంది. పాత చెక్క ఇల్లు. చెప్పులు విప్పించి, నా పాదానికి సగమే సరిపోయే స్లిప్పర్లు ఇచ్చారు. లోపల మసక వెలుతురు. ఇంత దూరం వచ్చింది గుడ్డి దీపాల్లో తడుముకోవడానికా అని మొదట ఒళ్లు మండింది. కళ్లు అలవాటు పడ్డాక ఒక్కొక్కటీ పైకి తేలాయి. నల్లటి పళ్లేలు, ఎర్రటి గిన్నెలు, దువ్వెనలు పెట్టుకునే పెట్టెలు. నాయిన చేసిన టేబుల్లో మొహం పైనే కనిపించేది. ఈ నలుపులో మొహం ఎక్కడో లోతున కనిపించింది. అన్నీ అద్దాల వెనకే. వేళ్ల వెనక భాగం అద్దానికి ఆనించి నిలబడితే, కాపలా ఆయన దగ్గి నవ్వాడు. చెయ్యి తీసేశాను.

మూడో గదిలో, ఒక పెట్టె ఉన్న అద్దాల బీరువా లోపల, మూలన ఒక నీళ్ల గ్లాసు ఉంది.

తుడిచేవాళ్లెవరో మర్చిపోయారనుకున్నాను. పాలిష్ పనివాడి ఇంట్లో పుట్టినదాన్ని నేను. తడి గ్లాసు టేబుల్ మీద పెట్టినందుకు మా ఇంట్లో అన్నం ముందు నుంచి లేపి తిట్టిన రోజులున్నాయి. నీటి చుక్క పడితే లక్క మీద తెల్లటి మచ్చ లేస్తుంది, అది పోగొట్టడానికి ఒక పూట పోతుంది. వానాకాలం నాయిన అసలు గుడ్డ పట్టేవాడే కాదు. అట్లాంటిది కోట్ల విలువ చేసే పెట్టె పక్కన నీళ్లా! పరుగున వెళ్లి కాపలా ఆయన్ని చేత్తో లాక్కొచ్చినంత పని చేశాను. ఆయన గ్లాసు చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అర్థంకాక లోపలికి వెళ్లి ఒకావిడను పిలుచుకొచ్చాడు.

అరవై పైబడ్డ మనిషి. ఆ కళాకారుడి దగ్గరే పని నేర్చుకుందట. ఆప్రాన్ కట్టుకుంది, గోళ్ల చుట్టూ గోధుమరంగు మరకలు. ఆ వేళ్లు చూడగానే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఫోన్ తీసి మధ్యలో పెట్టాను. ఆమె జపనీస్‌లో మాట్లాడితే ఫోన్ తెలుగులో చెబుతుంది, పాతకాలం రేడియో వార్తల్లాగా.

"ఆ జలపాత్ర మరచిపోబడినది కాదు" అంది ఫోన్. "ఈ పూతకు తేమ అవసరము."

వాళ్ల లక్క అసలు లక్కే కాదని అప్పుడు తెలిసింది. మనది పురుగు పెట్టే లక్క. వాళ్లది చెట్టుకు గాటు పెడితే కారే పాలు. మన పూత పొడిగాలికి ఆరుతుంది. అది తడిలో ఆరుతుంది. ఆమె నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లి, పూత వేసిన వస్తువుల్ని ఆరబెట్టే చెక్క బీరువా చూపించింది. దాని లోపలి గోడలకు తడిగుడ్డతో నీళ్లు పట్టిస్తారు. నేను చెయ్యి పెడితే చెమ్మగా తగిలింది. నాయిన ఇక్కడ ఉండి ఉంటే తలపట్టుకునేవాడు.

ఇక ఆగలేక అడిగేశాను. "స్పిరిట్ తాకితే ఇది పాడవుతుందా?"

ఆమె మాటల్తో చెప్పలేదు. నేర్చుకునేవాళ్ల కోసం పెట్టుకున్న చిన్న నల్ల పలక తీసి, దాని మీద సీసాలోంచి స్పిరిట్ నాలుగు చుక్కలు వేసి, కాసేపు ఆగి తుడిచింది. ఏమీ కాలేదు. పలకను నా చేతికిచ్చింది. వేళ్ల వెనక భాగంతో నిమిరాను. ఎంత నునుపంటే, మధ్యాహ్నం నిద్రలేచిన పసిబిడ్డ చెంపలాగుంది. నాకు ఏడుపొచ్చింది. నలభై ఏళ్లు మా నాయిన తన మీద వేసుకున్న తప్పు ఆయనది కాదు. అప్పటికప్పుడు ఇంటికి ఫోన్ చేద్దామని చెయ్యి ఫోన్ మీదికి పోయింది కూడా.

కానీ ఆ ఫోనే మా ఇద్దరికీ దుబాసీ. అది మధ్యలో ఉండగానే, సంతోషం పట్టలేక, మా నాయిన కథంతా ఆమెకు చెప్పాను. పెట్టె, గీత, స్పిరిట్, రంగు మారడం, మూలల్లో పగుళ్లు. ఆమె తల ఊపుతూ విన్నది. చివర్న ఒక్క మాట అడిగింది.

ఫోన్ అంది: "ఆ వస్తువు సూర్యరశ్మిలో ఉంచబడినదా?"

"లేదు. నీడలోనే ఉంది" అన్నాను. వెంటనే అన్నాను.

ఆమె పలకను నా చేతిలోంచి తిరిగి తీసుకుంది. ఈ పూతకు స్పిరిట్‌తో భయం లేదని, ఎండంటేనే భయమని, గదులు అందుకే మసకగా ఉన్నాయని, ఎర్రటెండలో కొద్ది రోజులుంటే నలుపు విరుగుతుందని, లోపలి చెక్క ఎండి వంగుతుందని నెమ్మదిగా చెప్పింది. నేను అరడజనుసార్లు వంగి దండాలు పెట్టి, ఆఖరి గది చూడకుండానే బయటపడ్డాను. నా చెప్పులు నేను వేసుకోవడానికి ఎంతసేపు పట్టిందో.

పైన చెప్పిన కథలో ఒక సంగతి నేను చెప్పలేదు. నా జీవితమంతా బయటివాళ్లకు ఆ కథను అది లేకుండానే చెప్పాను, కాబట్టి ఇక్కడా చెయ్యి అలవాటుగా దాన్ని వదిలేసి రాసింది. వేసవి సెలవులు, రెండే గదులు, అందులో ఒకటి మూసేశారు. ఐదు రోజులు పరుగెత్తొద్దంటే నావల్ల అయ్యే పనా? పెట్టె ఎంత తొందరగా ఆరితే గది అంత తొందరగా మాది అవుతుంది. మా ఇంట్లో అన్నీ ఎండలోనే ఆరేవి, వడియాలు, బట్టలు, నాయిన చేసిన ఫొటో ఫ్రేములు. వర్క్‌షాప్ పొద్దుటి కూత వేయగానే నాయిన వెళ్లేవాడు. అమ్మ నీళ్లకు పోయినప్పుడు పెట్టె తీసుకుని, క్వార్టర్ వెనక బొగ్గుల గది రేకుల మీదికెక్కి, సూర్యుడికి ఎదురుగా పెట్టేదాన్ని. సాయంత్రం కూతకు ముందే దించి అల్మారా మీద పెట్టేదాన్ని. నాలుగు రోజులు. రేకు ఎంత కాలేదంటే నా మోకాళ్లకు బొబ్బలొచ్చాయి.

నాయిన నేల మీద కూర్చుని "స్పిరిట్ తిన్నది" అన్నప్పుడు నేను తలుపు పక్కనే ఉన్నాను. ఎండకు పాడయ్యే వస్తువు ఉంటుందని నాకు నిజంగా తెలియదు. కానీ చెప్పిన మాట వినలేదన్న భయం ఉంది. ఆయన తప్పు తన మీదే వేసుకోగానే నాకు హాయిగా అనిపించింది. నేను దాచింది పెట్టె సంగతి కాదు, ఆ హాయిని. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

మిగిలిన రోజుల్లో మెషిన్ల గురించి ఏం నేర్చుకున్నానో మా మేనేజర్‌కు తెలియకపోవడమే మంచిది.

ఇంటికొచ్చిన పొద్దున, నేను సామాను దించక ముందే, నాయిన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అడిగినవా?"

"అడిగిన నాయినా. స్పిరిట్‌తోని ఏం గాదంట. నా ముందట్నే పోసి చూపెట్టింది."

"సచ్?"

"సచ్."

ఆయన మొహం వెలిగింది. బోయిగూడలో ఉండే పాత స్నేహితుడికి, ఒకప్పుడు తనతో కలిసి పాలిష్ చేసినాయనకు, నాతోనే ఫోన్ కలిపించి చెప్పాడు. "అరే, స్పిరిట్ గాదంటరా! నేను చెప్పలే?" నాయిన ఎన్నడూ అట్లా చెప్పలేదు, చెప్పింది దానికి తారుమారు. నేను వంటింట్లో గిన్నెలు అటువి ఇటు, ఇటువి అటు సర్దుతూ విన్నాను. ఇంతటితో అయిపోయింది, సగం చెప్పినా పుణ్యమే అనుకున్నాను.

అయిపోలేదు. మధ్యాహ్నం అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. "మరి దేంతోని ఖరాబైంది?"

"ఏమో నాయినా."

మరునాడు లేచింది మొదలు అదే ధ్యాస. గరుకు కాయితం ఎక్కువ రుద్దానేమో అన్నాడు. తన పూతలో లక్క పాతదేమో అన్నాడు. సాయంత్రానికి కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తూ విప్పుతూ, "ఒత్తి రుద్దిన. బరువెక్కువ పెట్టిన. స్పిరిట్ కాదంటే ఇంక చెయ్యే గద. ఈ దొంగ చెయ్యే" అన్నాడు. ఇన్నాళ్లూ తప్పును స్పిరిట్ సగం మోసింది. నేను పోయి ఆ సగాన్ని కూడా తెచ్చి ఆయన చేతి మీదే పెట్టాను. మూడు రోజులకు మనిషి నీరసించాడు. అన్నం సగంలోనే లేస్తున్నాడు. నేను ఇంట్లో ఒక చోట కూర్చోలేకపోయాను. డాబా మీదికెళ్లి దిగాను, కూరగాయలకు రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ ఉత్త చేతులతో వచ్చాను.

నాలుగో రోజు పొద్దున వెళ్లి ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"నాయినా, ఆ పాలిష్‌కు ఎండ పడదంట."

"ఎండనా? నేను ఎండల పెట్టలేదు గద. అల్మారా మీద పెట్టిన."

"నేను పెట్టిన."

ఆయన చూపులేని కళ్లు నా గొంతు వచ్చినవైపు తిరిగాయి. "ఏడ?"

"బొగ్గుల రూము రేకుల మీద. నువ్వు కూతకు పోయినంక. మల్ల కూతకు ముందు దించిన."

"ఎన్ని దినాలు?"

"నాలుగు."

వీధిలో ఉల్లిగడ్డల ఆటో మైకులో అరుచుకుంటూ వచ్చి, వెళ్లిపోయింది. 

"నేను ఏడుస్తుంటే నువ్వు ఆణ్నే ఉంటివి గద" అన్నాడు చివరికి. గొంతు పెరిగింది. "చిన్నపోరివి, కొడ్తనని భయపడ్డవు, సరే. పెద్దగైనంక? నౌకరీ చేసినంక? ఒక్కసారన్న అనిపియ్యలేదా?"

"నాకు సుత తెల్వదు నాయినా, ఎండతోని అని. మొన్న ఆడ చెప్తెనే..." అని ఆగాను. అది నిజమే గానీ మొత్తం నిజం కాదు. "నువ్వు స్పిరిట్ అనంగనే నేను బతికిపోయిన అనుకున్న. తర్వాత యాది మర్చిన. తప్పైంది. మాఫ్ చెయ్యి."

తిడతాడనుకున్నాను. చెయ్యెత్తినా పడేదాన్ని. ఆయన కుడిచేతిని మోకాలి మీద నుంచి తీసి, అరచెయ్యి పైకి పెట్టి, నా ముందుకు చాపాడు. గోళ్లు పసుపుబారి ఉన్నాయి. చూపుడువేలు పక్కన గుడ్డ ఉండ పట్టీ పట్టీ గట్టిపడ్డ కాయ ఇంకా ఉంది.

"నాకేం జెప్తవు? గిన్నేండ్లు తిట్లు తిన్నది ఇది. దీనికి జెప్పు."

ఆ చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. పెట్టెను ఎండలో పెట్టింది నేనని, నువ్వు చేసిన పనిలో ఏ తప్పూ లేదని దానికి చెప్పాను. నాయిన మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చాడు.